శోధనము కూడ విద్యయే

బాలుని చేతికి పలక నిచ్చి, అక్షరములు దిద్దింపకుండినచో దానిని విద్యాదానమని యెవ్వరును అనరు. కాని నేడు మన పాఠశాలలలో జరుగుచున్నది యించుమించుగా నిట్టిదే. 2020లో కరోనా వ్యాధి కారణమున బడులు మూతపడినప్పుడు సెల్‌ఫోనే యింటింటను బడియై కూర్చుండెను. 2022 డిసెంబరులో నాటి రాష్ట్ర ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల యెనిమిదవ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులను పంచిపెట్టెను. పాఠ్యపుస్తకముల పుటలపై సెల్‌ఫోనుతో తెరచి చూడదగిన క్యూఆర్ గుర్తులు వెలసి కొన్నియేండ్లైనది. పరికరములు వచ్చినవి. వానియందు కనబడినదానిలో ఏది నిజమో, ఏది పుక్కిటి పురాణమో, ఏది అంగడివాని ప్రకటనయో తేల్చుకొను నేర్పు మాత్రము వానితోపాటు రాలేదు.

ఆ నేర్పు దానంతటది యలవడునని పెద్దలలో ననేకులు నమ్ముచున్నారు. “మావాడు మాకంటె నెక్కుడెరిగినవాడు, ఏమడిగినను క్షణములో తీసి చూపును” అని తండ్రులు మురియుచుందురు. తీసి చూపుట వేరు, తరచి చూచుట వేరు. మొదటిదానికి వ్రేళ్ల చురుకు చాలును. రెండవదానికి శిక్షణ కావలయును. ఈ శిక్షణ నొసగు బాధ్యత యెవ్వరిది, దాని నెట్లు నిర్వహింపవలయును అనునదే యిప్పుడు విచారింపదగిన విషయము.

పండితులును మోసపోయిన పరీక్ష

చదువుకొన్నవారు మోసపోరనుకొనుట పొరపాటు. అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనువారు జరిపిన పరిశోధన యొకటి 2017లో వెలువడినది. వారు 10 మంది చరిత్రపండితులను, వార్తల సత్యాసత్యములను తేల్చుటయే వృత్తిగాగలవారిని 10 మందిని, ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులను 25 మందిని ఎంచుకొని, అంతర్జాలమున కొన్ని పుటలు చూపి, వానిలో నమ్మదగినవేవియో తేల్చుమనిరి. విద్యార్థులేగాక, జీవితమంతయు పత్రములను పరిశీలించుటలో గడపిన చరిత్రపండితులలో సైతము పలువురు సంస్థ పేరులోని గాంభీర్యమును, పుట యలంకారమును, చిహ్నమును చూచి భ్రమపడిరి. మూడవ తెగవారు మాత్రము ఆ పుటలో నిలువనేలేదు. వెంటనే దానిని విడిచి వెలుపలికి పోయి, ఆ సంస్థ యెవరిది, దాని కెవరు ధనమిచ్చుచున్నారు, ఇతరులు దానినిగూర్చి యేమనుచున్నారు అని విచారించి, పిమ్మట తిరిగివచ్చి చదివిరి. తక్కువ చదివి, ఎక్కువ తెలిసికొనిరి.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. పిల్లనిచ్చుటకు సంబంధము చూడబోవు గృహస్థుడు వరుని తండ్రి చెప్పిన మాటతో సరిపెట్టుకొనడు. వీధి యరుగుమీద కూర్చుండి మర్యాదలన్నియు స్వీకరించి, తిరిగివచ్చునప్పుడు ఇరుగుపొరుగును విచారించును. ఆ యూరిలో తన బంధువెవడైన నున్నచో వానినడుగును. భూమి యున్నదనినచో కాగితములు చూడగోరును. ఒకని యోగ్యతను వాని నోటనే వినరాదని మన పెద్దలకు బాగుగా తెలియును. ఇంత తెలిసినవారమే సెల్‌ఫోనులో నొక పుట తెరచి, ఆ పుట తన్నుగూర్చి తాను చెప్పుకొన్న గొప్పలను నమ్మి, కుమారుని చదువునకు లక్షల రూపాయలు చెల్లించుచున్నాము. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు, అనగా యూజీసీవారు, గుర్తింపు లేకయే విశ్వవిద్యాలయములమని చెప్పుకొను సంస్థల పట్టికను ఎప్పటికప్పుడు ప్రకటించుచుందురు. ఆ పట్టికయందు గుంటూరు, విశాఖపట్టణముల చిరునామాలు కూడ కానవచ్చినవి. పట్టిక యెల్లరకును ఉచితముగా లభించునదే. దానిని చూడవలయునను తలంపే పుట్టకుండినచో ఆ ప్రకటన వలన ప్రయోజనమేమి?

ముందువరుస మహిమ

వెదకు యంత్రమెట్లు పనిచేయునో విద్యార్థికి మొదట తెలుపవలయును. గూగుల్ సంస్థ 1998లో స్థాపింపబడినది. ఏ పుటను ఇతర పుటలు మిక్కిలిగా పేర్కొనుచున్నవో, ఆ పేర్కొను పుటలకు ఎంతటి ప్రసిద్ధి కలదో లెక్కించి, తదనుగుణముగా వరుస నిర్ణయించుట దాని మూలసూత్రము. పిమ్మట ఆ సూత్రమునకు మరెన్నియో లెక్కలు తోడైనవి. ఎన్ని తోడైనను అది ప్రధానముగా పలుకుబడిని, పొందికను కొలుచు కొలతయేగాని సత్యమును కొలుచు త్రాసు కాదు. ఇదిగాక, సొమ్ము చెల్లించినవారి ప్రకటనలు పైవరుసలో నిలుచును. అవి ప్రకటనలని చిన్న యక్షరములతో వ్రాసియే యుండును. ఆ యక్షరములను చదువువారు తక్కువ. వన్ టౌనునందలి కాళేశ్వరరావు మార్కెట్టునకు పోవు గృహస్థుడు గుమ్మముకడ నున్న అంగడి కూరగాయలే మేలైనవని తలంపడు. అద్దె యెక్కువిచ్చినవానికి గుమ్మముకడ చోటు దొరకినదని యెరుగును. మార్కెట్టులో నెరిగిన యీ సత్యమునే తెరమీదను జ్ఞప్తియందుంచుకొనవలయును.

అడుగు విధమును నేర్పవలసినదే. “పసుపుతో కాన్సరు నయమగు విధము” అని వెదకినవానికి నయమైనదని చెప్పు పుటలే బారులు తీరును. “పసుపు కాన్సరును నయము చేయునని పరీక్షలయందు ఋజువైనదా” అని వెదకినవానికి ప్రయోగశాలలో కనబడిన గుణము వేరు, రోగికి కలిగిన మేలు వేరు అని చెప్పు వ్రాతలు కూడ దొరకును. ప్రశ్నయందే ప్రత్యుత్తరమును పెట్టి యడిగినచో యంత్రము మన మాటనే మనకు మరల వినిపించును. దుగ్గిరాల పసుపునకు దేశమంతట పేరున్నదని కాన్సరు రోగిని వైద్యాలయమునుండి తప్పింప రాదు గదా!

రైతులకును ఇది తగులు విషయమే. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు గుంటూరు, కృష్ణా ప్రాంతముల మిరప చేలను నాశనము చేసినప్పుడు, చదువుకొన్న కొడుకులు తండ్రులకు మందులు వెదకి చెప్పిరి. మందు విక్రయించువాడు చేసిన చిత్రమును, లాంఫారము శాస్త్రజ్ఞులు చెప్పిన సలహాయును తెరమీద నొకే పరిమాణమున, ఒకే వెలుగున కనబడును. ఎకరమునకు వేలకొలది రూపాయలు మందులకు పోయువాడు ఆ రెంటికిని గల భేదమును గుర్తింపజాలకుండుట చిన్న నష్టము కాదు. చెప్పువానికి ఆ మాటవలన లాభమున్నదా యను నొక్క ప్రశ్న వేయుట నేర్చిన బాలుడు తన పాఠశాల జీతమును తండ్రికి ఆ సంవత్సరమే తిరిగి యిచ్చినవాడగును.

ఇప్పుడు కృత్రిమమేధ వచ్చి చిక్కును హెచ్చించినది. 2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీయు, దాని పోలికవియు పుటల వరుసను చూపుటకు బదులు తామే ప్రత్యుత్తరము చెప్పును. భాష నున్నగా నుండును, తడబాటుండదు; తెలియని విషయమును సైతము తెలిసినదానివలెనే చెప్పుటయు కలదు. న్యూయార్కు నగరమున న్యాయవాదులు ఆ యంత్రము చెప్పిన పూర్వపు తీర్పులను నమ్మి న్యాయస్థానమున దాఖలు చేయగా, అట్టి తీర్పులు పుట్టనేలేదని తేలి, 2023 జూనులో వారికి 5,000 డాలర్ల జరిమానా విధింపబడెను. న్యాయవాదులకే యిట్లైనప్పుడు పదునాలుగేండ్ల బాలుని మాట చెప్పనేల?

వరదలో వదంతి

ఈ విద్య లేకుండుటవలన ధననష్టమే గాదు, ప్రాణనష్టమును కలుగును. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వాట్సాప్ వదంతులు తెలుగు రాష్ట్రములయందు వ్యాపించి, ఏ పాపమెరుగని వారు కొందరు జనుల చేతి దెబ్బలకు బలియైరి. దేశమున నితర ప్రాంతములందును అట్టి ఘోరములు జరుగగా, ఆ జూలైలో వాట్సాప్ సంస్థ భారతదేశమున నొక సందేశమును ఒకేమారు 5 చోట్లకు మించి పంపరాకుండ కట్టడి చేసినది. ఆ కాలముననే జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు పోలీసులను గ్రామములకు పంపి, డప్పుతోను పాటలతోను వదంతుల సంగతి జనులకు బోధింపజేసిరి. కట్టడి దూరముననున్న సంస్థ చేసినది. బోధ మన నడుమనున్నవారు చేసినది. రెండును కావలసినవే యైనను, మన చేతిలోనున్నది రెండవదే.

మన పట్టణమునకు వత్తము. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరము మొదలైన పేటలను ముంచివేసెను. మరునాడు ప్రకాశము బ్యారేజికడ కృష్ణానది 11.43 లక్షల క్యూసెక్కులతో ప్రవహించి, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల ప్రవాహమును మించెను. ఆ దుర్దినములు గడచి జనులు కుదుటపడుచుండగా, బుడమేరు కట్ట మరల తెగినదను వదంతి సెల్‌ఫోనులలో ప్రాకి ప్రజలను భయభ్రాంతులను గావించెను. అది వట్టిమాటయని అధికారులు ప్రకటింపవలసివచ్చెను. నీటిలో సర్వస్వమును పోగొట్టుకొన్నవారిపై ఈ రెండవ వరద యేటికి?

అట్టి సమయమునకు విద్యార్థిని సిద్ధము చేయుటకు పాఠమెట్లు చెప్పవచ్చునో యొక యుదాహరణముచే చూపుదుము. “బ్యారేజికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చుచున్నవి, సాయంకాలములోగా వన్ టౌను మునుగును” అని సందేశమొకటి వచ్చినదనుకొందము. దానిని పదుగురికి పంపుటకు ముందు విద్యార్థి యొక్క నిమిష మాగవలయును. పిమ్మట నాలుగు ప్రశ్నలు వేసికొనవలయును.

ఎవరు చెప్పిరి? సందేశమునకు పేరులేదు, తేదీలేదు, గంటలేదు. “తెలిసినవారు చెప్పిరి” అని మాత్రమున్నది. ఇది మొదటి యనుమానము.

మరియెవరైన చెప్పుచున్నారా? రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థయు, కేంద్ర జలసంఘమును వరదకాలమున నీటి లెక్కలను ప్రకటించుచుండును. ఇంతటి వార్త నిజమైనచో అవి మౌనముగా నుండునా?

ఆ యంకె పొసగునా? బ్యారేజి 11.90 లక్షల క్యూసెక్కుల వరదకు నిర్మింపబడినది. దాని చరిత్రయందు వచ్చిన పెద్ద ప్రవాహము పైన చెప్పిన 11.43 లక్షలే. కృష్ణనీరు బ్యారేజిని చేరుటకు ముందు పులిచింతలను దాటిరావలయును. దిగువను మున్నేరు మొదలైన యేరులు కలియును. కావున పులిచింతలనుండి కొన్ని గంటల క్రిందట విడిచిన నీరెంతయో, మున్నేటి ప్రవాహమెంతయో చూచినచో, బ్యారేజికి రాగలదెంతయో కూడికతోనే తేలును. ఇది భూగోళశాస్త్రమునకు పాఠము, గణితమునకు పాఠము, వివేకమునకును పాఠము.

దానితో వచ్చిన చిత్రమెక్కడిది? చిత్రమునుబట్టి వెదకు సాధనము ఉచితముగనే యున్నది. ఆ ఛాయాచిత్రము ఇంతకుముందే మరియొక వరదలో, మరియొక యూరిలో ప్రకటితమైనదైనచో ఆ సంగతి తరచుగా రెండు నిమిషములలో బయటపడును.

ఇచ్చట నొక్క హెచ్చరిక యవసరము. తరచి చూచుట యనగా ప్రతిదానిని అబద్ధమని త్రోసివేయుట కాదు. నిజమైన హెచ్చరికను వదంతి యని పెడచెవిని పెట్టుటయు ప్రాణాపాయమే. అధికారులు కదలుమనినప్పుడు కదలవలయును. ఎవరి మాట కెంత విలువ యీయవలయునో తెలియుటయే యీ విద్యకు ఫలము.

గైడు పెంచిన బుద్ధి

ఇంత సులభమైన ప్రశ్నలను మన విద్యార్థులు వేయకుండుటకు కారణమేమి? వారికి తెలివి లేక కాదు. మనము వారికలవరచిన చదువే కారణము. ప్రశ్నకు ఒక్కటే ప్రత్యుత్తరము. ఆ ప్రత్యుత్తరము గైడులో అచ్చువేయబడియున్నది. దానిని అక్షరము పోకుండ వ్రాసినవానికి నిండు మార్కులు. బిట్లు, గైడులు, నాలుగింటిలో నొకటి యెంచు పరీక్షలు, ఉదయము మొదలు రాత్రి దాక స్టడీ అవర్లు, ఇవియే విద్య యని మన పట్టణమును, చుట్టుపట్లనున్న వసతికళాశాలలును దేశమంతట పేరుపడినవి. ఆ చదువువలన వేలకొలది బాలురు ఇంజనీర్లు, వైద్యులు అయిరి. ఆ మేలును కాదనము. కాని పండ్రెండేండ్లలో నొక్కదినమైనను విద్యార్థి యెదుట పరస్పర విరుద్ధములైన రెండు వ్రాతలను పెట్టి, “వీనిలో దేనిని నమ్ముదువు, ఏల నమ్ముదువు” అని యడిగినవారు కలరా? గైడును నమ్ముటకు పదేండ్లు శిక్షణ పొందినవాడు తెరమీద మొదటి పంక్తిని నమ్మకేమి చేయును? అదియును వానికొక గైడే.

పూర్వము ఈ లోపము ఇంతగా బాధింపలేదు. దానికి కారణమున్నది. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతన, ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగెను. దానికి మూలపురుషులు అయ్యంకి వెంకటరమణయ్యగారు. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు నింపి డెల్టా కాలువమీద గ్రామగ్రామమునకు నడిపించిరి. లాకుకడ పడవ యాగినప్పుడు రైతు చేతికి వచ్చిన ఆ పుస్తకము వెనుక ఎందరు నిలిచియుండిరో యోచింపుడు. వ్రాసినవాడు పేరు పెట్టి వ్రాసెను. అచ్చువేసినవాడు చిరునామా వేసెను. గ్రంథాలయమువారు అనేక పుస్తకములనుండి దానిని ఏరి కొనిరి. పడవలోనివాడు చదువరి మొగము చూచి, వానికి తగినది యందిచ్చెను. చదువరి నమ్మకమునకు ఇందరు పూచీదారులు.

నేడా పడవ లేదు. కాలువయే నేరుగా ఇంటిలోనికి వచ్చినది. నీరు ఎక్కడిదో, ఎవరు విడిచిరో తెలియదు. వ్రాసినవానికి పేరుండదు, అచ్చుకు చిరునామా యుండదు, ఏరి యిచ్చువాడు లేడు. ఏరుట, తూచుట, పూచీపడుట అను నాడు గ్రంథాలయమువారు చేసిన పనులన్నియు నేడు ప్రతి చదువరి నెత్తిమీద పడినవి. ఆ పనిని నేర్పకయే వానిపై మోపితిమి. ఈ సంగతి గ్రహించినచో శోధనవిద్య యేదో క్రొత్త వ్యామోహము కాదనియు, గ్రంథాలయోద్యమమునకు నేటి రూపమనియు తెలియగలదు.

చేసి చూపినవారు

ఈ పని మన కొత్తపేటలోనే కొంత మొదలైనది. 2014 ఫిబ్రవరి 15, 16 తేదీలలో వన్ టౌనునందలి కాకరపర్తి భావనారాయణ కళాశాలలో తెలుగు వికీపీడియా దశాబ్ది యుత్సవములు జరిగినవి. 2003 డిసెంబరులో పుట్టిన ఆ విజ్ఞానసర్వస్వము ఎవరైనను వ్రాయదగినది. అందుచేతనే దానిని నమ్మవచ్చునా యని కొందరు శంకింతురు, శంకింపవలసినదే. కాని దానియందొక నియమమున్నది: వ్రాసిన మాటకు ఆధారము చూపవలయును. ఆధారము లేని మాటకు ఎదురుగా “ఆధారము చూపుడు” అని మరియొకరు గుర్తు పెట్టుదురు. చదువువానికంటె వ్రాయువానికి దీనివలన లాభమెక్కువ. తన యూరిని గూర్చి పది పంక్తులు వ్రాయబూనిన విద్యార్థి, ప్రతి పంక్తికి “ఇది నాకెట్లు తెలిసినది” అని తన్ను తాను ప్రశ్నించుకొనవలసివచ్చును. తాతగారు చెప్పిన కథ వేరనియు, శాసనము వేరనియు, పత్రికావార్త వేరనియు, మూడింటికిని మూడు విలువలనియు నప్పుడు తెలియును.

ఆంగ్లమున 70 లక్షల ప్రాంతము వ్యాసములుండగా, తెలుగున సుమారు లక్ష మాత్రమే యున్నవి. మాతృభాషలో వెదకు బాలునికి మంచినీటి చెరువు చిన్నది, మురికికాలువ పెద్దది. కావున మన విద్యార్థులు ఆధారములతో తెలుగున వ్రాయుట నేర్చుట వారికి శిక్షణయు, తరువాతివారికి సదుపాయమును అగును.

ఇతరులును పాటుపడిరి. కేరళలో కన్నూరు జిల్లా కలెక్టరు మీర్ మహమ్మదాలీగారు 2018లో “సత్యమేవ జయతే” యను పేర సుమారు 150 ప్రభుత్వ పాఠశాలలలో తప్పుడు వార్తలను గుర్తించు పాఠములు చెప్పించిరి. అంతకంటె బోధకరమైనది బీహారు రాష్ట్రపు అనుభవము. అచ్చట సుమిత్రా బద్రినాథన్‌గారు ఎన్నికల వేళ యింటింటికి మనుష్యులను పంపి, గంటసేపు పాఠము చెప్పించి చూచిరి. 2021లో ప్రకటితమైన ఆ పరిశోధన ఫలితమేమనగా, మొత్తముమీద చెప్పుకొనదగిన మార్పు కానరాలేదు. వారు నిరుత్సాహపడక, సహచరులతోకూడి, ప్రభుత్వ సాహాయ్యముతో 583 గ్రామములలో 13,500 మందికి పైబడిన విద్యార్థులపై రెండవమారు యత్నించిరి. ఈ పర్యాయము కొందరికి ఊరి గ్రంథాలయములలో కొన్ని వారముల పర్యంతము వరుసగా పాఠములు చెప్పిరి. తక్కినవారికి పోల్చి చూచుటకై ఆంగ్లభాషా పాఠములు చెప్పిరి. శోధనపాఠములు విన్నవారు నిజమును అబద్ధమును వేరుపరచుటలో మెరుగుపడిరి. నెలలు గడచిన పిమ్మటను ఆ నేర్పు నిలిచినది. వారి తల్లిదండ్రులకు సైతము కొంత సోకినది. ఒక గంట యుపన్యాసము వ్యర్థము. తరగతి గదిలో, తోటివారి నడుమ, వారము వారము చేసిన యభ్యాసము సార్థకము. ఇది బీహారు మనకు నేర్పు పాఠము. ఆ పాఠములు గ్రంథాలయములందు జరుగుట బెజవాడవారు ప్రత్యేకముగా గమనింపదగినది.

ఆక్షేపణలు

“పిల్లలకు సెల్‌ఫోను ఇయ్యకుండుటే మేలు, దానికి విద్య యెందుకు” అని పెద్దలు కొందరందురు. చిన్నపిల్లల విషయమున ఆ మాటలో సత్యమున్నది. కాని డెల్టాలో పుట్టిన బిడ్డను కాలువనుండి యెన్నాళ్లు దాచగలము? గట్టున కంచె వేసిన తండ్రియు ఏదో యొకనాడు ఈత నేర్పవలసినదే. పదునెనిమిదవ యేట ఇల్లు వదలి హైదరాబాదునకో, చెన్నపట్టణమునకో, అమెరికాకో పోవువాడు ఈత రాకయే లోతునీటిలో దిగరాదు.

“అన్నిటిని శంకించు పిల్లలు పెద్దలను సైతము శంకింతురు” అని మరికొందరి భయము. శంకించుట నేర్పి, తేల్చుకొనుట నేర్పకుండినచో ఆ యపాయము నిజముగనే కలదు. ప్రతి అంగడిని శంకించువాడు మార్కెట్టునుండి వట్టి సంచితో తిరిగివచ్చును. కంసాలి గీటురాయిని ఉంచుకొనునది బంగారమును తిరస్కరించుటకు కాదు, స్వీకరించుటకు. అయినను బాలుడు మర్యాదతో “తాతగారూ, ఇది ఎవరు పంపిరి?” అని యడిగినచో పెద్దలు కోపగింపక సంతసింపవలయును.

“ఉపాధ్యాయులకు తీరికలేదు” అనునది మూడవది, అన్నిటికంటె బరువైనది. ఇప్పటికే వారి నెత్తిమీద పాఠములకు మించిన లెక్కలు, నివేదికలు కుప్పలై యున్నవి. అందుచేతనే దీనికి క్రొత్త పుస్తకము, క్రొత్త పరీక్ష అక్కరలేదనుచున్నాము. ఉన్న పాఠములలోనే చేర్పవచ్చును.

చేయదగిన పనులు

మొదటిది: చరిత్ర, సామాన్యశాస్త్రము, తెలుగు ఉపాధ్యాయులు వారమున కొక్క పీరియడు, పైన వరద విషయమున చూపిన రీతిని, నిజముగా ఊరిలో తిరుగుచున్న యొక మాటను తీసికొని పిల్లలచేత తరచి చూపింపవలయును. తెర యొక్కటియే ఆధారము కాదని కూడ వారికి తెలియవలెను. గాంధీకొండపై స్తూపము 1968లో ఆవిష్కరింపబడినదని యొక పుట చెప్పినచో, వన్ టౌను పిల్లలు కొండయెక్కి అచ్చటి ఫలకమును చదివి పోల్చుకొనవచ్చును. అంతర్జాలమున లేనిది రాతిమీద నుండవచ్చును. రెండును విభేదించినచో నదియే ఆనాటి పాఠము.

రెండవది: పరీక్షలో నొక్క ప్రశ్నయైన నిట్లుండవలయును: ఒకే విషయముపై రెండు భిన్నమైన వ్రాతలు, వాని మూలములతోకూడ నిచ్చి, దేనికెంత విలువ, ఏల, అని యడుగుట. మన దేశమున మార్కులు లేనిదానిని ఎవరును చదువరు. ఈ దౌర్బల్యమునే మేలునకు వాడుకొందము.

మూడవది: గ్రంథాలయములు. మనము కట్టు ఇంటిపన్నుమీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకము చెల్లించుచున్నాము. ఆ సొమ్ము సక్రమముగా గ్రంథాలయములకు చేరుచున్నదా, చేరినది పుస్తకములకును, కంప్యూటర్లకును, వానిని చూపి నేర్పగల మనుష్యులకును వినియోగపడుచున్నదా యని అడుగుటకు పన్ను చెల్లించు ప్రతి గృహస్థునకును హక్కు కలదు. ఆదివారము ఉదయము రెండు గంటలు ప్రతి శాఖాగ్రంథాలయమునను శోధనపాఠము జరుగునట్లు చేయుటకు కోట్ల రూపాయలక్కరలేదు. విశ్రాంతి పొందిన ఉపాధ్యాయులు, న్యాయవాదులు, బ్యాంకు ఉద్యోగులు మన పేటలలో నెందరు లేరు?

నాలుగవది మన యింటిలోనిది. పెద్దలు తాము తరచి చూడని మాటను కుటుంబ బృందములో పంపుట మానవలయును. తండ్రి చేయుచున్నదానినేగాని చెప్పుచున్నదానిని బిడ్డ నేర్వడు.

ఈ నాలుగింటిలో ఏదియు ప్రభుత్వపుటుత్తరువునకై వేచియుండవలసినది కాదు. 1914లో బెజవాడయందు సమావేశమైనవారు ఉత్తరువునకై వేచియుండలేదు. 1935లో పడవ నడిపినవారికిని ఉత్తరువెవరు నీయలేదు. చదువు కొందరి సొత్తుగా నుండరాదని వారు తలంచిరి, పాటుపడిరి. నేడు చదువరులకు కొదువలేదు, చదువదగినదానికి అంతులేదు, కొదువయైనది వివేచనము. పాఠశాలల నిర్వాహకులును, గ్రంథాలయ సంస్థలవారును, పట్టణమునందలి విద్యాధికులును ఈ విషయమును వచ్చు వేసవి సెలవులకు ముందే యోచించి, ఏదైన నొక్క పేటలో, ఒక్క గ్రంథాలయములో ఈ పాఠమును ప్రారంభింతురు గాక. ఆ మొదటి తరగతి విజయవాడ వన్ టౌనున జరుగుట యెన్నివిధముల చూచినను ఉచితముగా నుండును.